చంద్రగిరి చూడవచ్చే వారికి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం కావాలని, అది పెన్షనరు మిత్రులకే గాక వారి పిల్లలకు, మనుమలకు కూడా పనికివచ్చేదిగా ఉండాలని కార్యవర్గం వారు కోరారు. మన సభ్యుల ఇళ్ళకు బంధువులు రాని నెల ఉండదు. తిరుమల దర్శనం, అలివేలు మంగమ్మ దర్శనం, వీలైతే కాళహస్తి; అంతటితో ప్రయాణం ముగుస్తుంది. తిరుపతి నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి మాత్రం చిత్తూరు బస్సు కిటికీలోంచి కనిపించి వెనక్కుపోతుంది. "అదేదో పాత కోట" అని ఒక మాట చెప్పి మనమూ ఊరుకుంటాం. ఆ పాత కోటలో ఏముందో, అక్కడ ఏమి జరిగిందో, ఏమేమి ఏ వరుసలో చూడవచ్చునో తెలిసినంత వరకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా జీవితం గడిపినవాణ్ణి. పండితుణ్ణి కాను. కాని కాగితం చూస్తే తేదీ ఎక్కడ, సంతకం ఎవరిది, పైఅధికారి మంజూరు ఉందా లేదా అని వెతకడం అలవాటైపోయింది. చంద్రగిరి చరిత్రను కూడా ఆ అలవాటుతోనే చదివాను. అలా చదివితే ఒక సంగతి బోధపడింది. ఊరి గొప్పతనం కోటగోడల్లో కంటే కచేరీలో ఉంటుంది. కచేరీ ఉన్నన్నాళ్ళూ ఊరు వెలుగుతుంది, కచేరీ తరలిపోతే ఊరు నెమ్మదిస్తుంది. ఆ విధంగా చూస్తే చంద్రగిరి కూడా మనవంటిదే. పెద్ద పదవి చేసి రిటైరైన ఊరు.

ఊరు, ఉనికి

చంద్రగిరి స్వర్ణముఖి నది కుడి ఒడ్డున ఉన్నది. స్వర్ణముఖి ఈ ప్రాంతపు కొండల్లోనే పుట్టి, తిరుచానూరు పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా సాగి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కనిపిస్తుంది గనుక దీన్ని తక్కువ అంచనా వేయరాదు. 2021 నవంబరు వానలకు ఈ నది పొంగి తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళను ఎంత కష్టపెట్టిందో మనందరికీ తెలిసిందే.

ఊరికి ఆనుకొని సుమారు 600 అడుగుల రాతి కొండ ఉన్నది. పైకోట దాని మీద, దిగువ కోట దాని పాదం దగ్గర ఉన్నాయి. వెనుక ఎత్తయిన రాయి, ముందు నది, చుట్టూ పంట భూములు, ఉత్తరాన తిరుమల కొండలు. కోట కట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఈ ప్రాంతంలో దొరకదని చూసిన వెంటనే తెలుస్తుంది.

కోట మొదలు

క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇమ్మడి నరసింహ యాదవరాయలు ఈ కోటను కట్టించాడని చెబుతూ వచ్చారు. నారాయణవనం ప్రాంతాన్ని ఏలిన యాదవరాయల తర్వాత, పద్నాలుగవ శతాబ్దంలో ఈ ప్రాంతం విజయనగర రాజ్యంలో చేరింది. 1367 అని చరిత్ర పుస్తకాలు రాస్తాయి.

చంద్రగిరి పేరు దూరదూరాలకు పాకింది సాళువ నరసింహరాయల వల్ల. పదిహేనవ శతాబ్దం రెండవ సగంలో ఆయన విజయనగర ప్రభువుల తరఫున చంద్రగిరి రాజ్యాన్ని పాలించాడు. అప్పట్లో విజయనగర సింహాసనం మీద సంగమ వంశపువారు బలహీనపడ్డారు. ఒకవైపు ఒడిషా గజపతులు, మరోవైపు బహమనీ సుల్తానులు. రాజ్యం చేజారిపోతున్న సమయంలో చంద్రగిరి అధికారి అయిన నరసింహరాయలు 1485లో సింహాసనాన్ని తానే తీసుకున్నాడు. ఇది న్యాయమా, ఆక్రమణా అని చరిత్రకారులు వాదించుకోవచ్చు. కాని ఆయన అలా చేయకపోతే తర్వాత శ్రీకృష్ణదేవరాయలు ఏలడానికి రాజ్యం మిగిలేది కాదన్నవారే ఎక్కువ. పిల్లలమర్రి పినవీరభద్రకవి తన జైమినిభారతాన్ని అంకితమిచ్చింది ఈ నరసింహరాయలకే. తిరుమలలోను, తిరుపతిలోను యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలను ఆదరించిన ప్రభువు కూడా ఈయనే. ఇప్పుడు కొండ మీద మనం కూర్చొని తినే అన్నప్రసాదానికి అంత పాత వరుస ఉన్నదని పిల్లలకు చెప్పదగిన విషయం.

కృష్ణదేవరాయల కాలంలో చంద్రగిరికి మరొక పని పడింది. రాజబంధువులను కాపలాలో ఉంచే చోటుగా ఈ కోటను వాడారు. ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు అలా చంద్రగిరిలో ఉన్నవాడే. 1529లో అన్నగారు పోయాక ఇక్కడి నుంచి బయలుదేరి విజయనగర సింహాసనం ఎక్కాడు. నిన్న కాపలాలో ఉన్న మనిషి నేడు చక్రవర్తి అయ్యాడు. కోటలు ఇలాంటి వింతలు చాలా చూస్తాయి.

రాజధాని అయిన కాలం

1565 జనవరి 23న రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు మరణించాడు. హంపి పాడైపోయింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన ఖజానాతో, పరివారంతో పెనుకొండ చేరాడు. అక్కడి నుంచి ఆరవీటి వంశపు పాలన సాగింది. ఆ వంశంలో గట్టివాడు వెంకటపతిదేవరాయలు. 1586 నుంచి 1614 వరకు, అంటే ఇరవై ఎనిమిదేళ్ళు ఏలాడు. పెనుకొండకు ఉత్తరం నుంచి ఒత్తిడి ఎక్కువగా ఉండటంతో 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి మార్చాడు.

రాజధాని అంటే రాజు ఒక్కడే కాదు. దండనాయకులు, రాయసం రాసే వారు, లెక్కలు చూసే వారు, కవులు, వర్తకులు, గుర్రాల బేరగాళ్ళు, పరదేశి రాయబారులు అందరూ వెంట వస్తారు. 1598లో జెస్యూట్ ఫాదిరీలు చంద్రగిరి దర్బారుకు వచ్చారు. రాజుగారు పరమ వైష్ణవుడైనా వారిని ఆదరించి, చర్చి కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. వారు తెచ్చిన చిత్రపటాలను ఆసక్తిగా చూసేవాడని వారి లేఖల వల్ల తెలుస్తుంది. 1610లో డచ్చివారు పులికాటులో వ్యాపారం చేసుకోవడానికి ఒప్పందం పొందిందీ ఈ రాజు దగ్గరే.

వెంకటపతిరాయల భక్తి ఆయన డబ్బు మీద కూడా కనిపిస్తుంది. ఆయన బంగారు నాణెం మీద శ్రీ వేంకటేశ్వరస్వామి నిలుచున్న రూపం ఉంటుంది. విజయనగరపు పాత రాజులు శాసనాల చివర "శ్రీ విరూపాక్ష" అని చేవ్రాలు చేసేవారు. ఈయన కాలం నాటికి అది "శ్రీ వేంకటేశ" అయింది. రాజ్యం హంపి నుంచి తిరుమల నీడకు వచ్చిందని చెప్పడానికి ఆ ఒక్క సంతకం చాలు. తిరుమల ఆలయంలో కృష్ణదేవరాయలు, ఆయన దేవేరుల విగ్రహాలను చాలామంది గమనిస్తారు. ఆ మహాద్వారం దగ్గరి మండపంలోనే వెంకటపతిరాయల విగ్రహం కూడా ఉన్నది. ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.

చంద్రగిరి రాజులు స్వామివారికి నైవేద్యమైన తర్వాత గాని భోజనం చేసేవారు కాదని, కొండ మీద గంట మోగితే దారి పొడవునా ఉన్న మండపాల్లో గంటలు ఒకదాని వెంట ఒకటి మోగి చంద్రగిరి దాకా కబురు అందేదని ఇక్కడి పెద్దలు చెబుతారు. దీనికి నేను తేదీ, సంతకం అడగను. తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. రాజు ఎవరైనా ముందు కొండ మీది దొరకు వడ్డన కావాలన్న భావం ఇందులో ఉన్నది. మనుమలకు చెప్పేటప్పుడు "ఇది పెద్దల మాట" అని చెప్పండి. కథ రుచి ఏమీ తగ్గదు.

1600 దాటిన కొద్ది ఏళ్ళకే రాజుగారు నివాసాన్ని వేలూరు కోటకు మార్చుకున్నాడు. అక్కడే 1614లో కన్నుమూశాడు. ఆ తర్వాత జరిగినది ఘోరం. తన అన్న కొడుకు శ్రీరంగరాయలను రాజుగారు వారసుడిగా నిర్ణయిస్తే, రాణి సోదరుడు జగ్గరాయుడు ఒప్పుకోక, శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించాడు. ఒక్క కొడుకు, రామదేవుడు, బతికి బయటపడ్డాడు. వెలుగోటి యాచమనాయకుడు ఆ పిల్లవాణ్ణి ఒక చాకలి చేత బట్టల మూటలో దాచి కోట బయటకు తెప్పించాడని బర్రాదాస్ అనే పోర్చుగీసు ఫాదిరీ 1616లో రాసిన లేఖలో ఉన్నది. ఆ పిల్లవాడి పక్షాన యాచమనాయకుడు, తంజావూరు రఘునాథనాయకుడు కలిసి కావేరి ఒడ్డున తోపూరు దగ్గర పోరాడి జగ్గరాయుణ్ణి ఓడించారు. వెలుగోటి వారు వెంకటగిరి సంస్థానాధీశులుగా మన తాతల కాలం దాకా ఉన్నవారే. రాజ్యం నిలబెట్టిన వారిలో పేరు తెలియని ఆ చాకలి కూడా ఉన్నాడని మరచిపోరాదు.

చెన్నపట్నం దస్తావేజు

చంద్రగిరి వెళితే ఎవరైనా మొదట చెప్పే మాట, "ఇంగ్లీషువారికి మద్రాసు రాసి ఇచ్చింది ఈ రాజమహల్లోనే" అని. ఇది పెద్ద మాట. అందుచేత ఫైలు తెరిచి చూద్దాం.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారు 1626 నాటికి దుగరాజపట్నంలో ఒక గిడ్డంగి పెట్టుకున్నారు. వారు దాన్ని అర్మగాన్ అనేవారు. అక్కడ సరుకు గిట్టుబాటు కాలేదు. స్థానికులతో తగాదాలు కూడా వచ్చాయి. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే అనే ఆయన దక్షిణాన మరొక చోటు వెతుకుతూ మద్రాసుపట్నం తీరానికి వచ్చాడు. ఆ తీరం దామెర్ల వెంకటాద్రినాయకుడి పాలనలో ఉన్నది. ఆయన వందవాసి నుంచి పాలించేవాడు. తమ్ముడు అయ్యప్పనాయకుడు పూనమల్లిలో ఉండేవాడు. ఇద్దరూ తెలుగు నాయకులు. వీరి తండ్రి దామెర్ల చెన్నప్పనాయకుడు. ఈ నాయకులందరికీ పైన ప్రభువు చంద్రగిరి రాజు పెదవెంకటరాయలు, 1632 నుంచి 1642 వరకు ఏలినవాడు.

దస్తావేజు తేదీ 1639 ఆగస్టు 22గా చెన్నై వారు పాటిస్తున్నారు. పాత కాగితాల్లో జూలై 22 అని కూడా ఉన్నది గాని, డే ఆ తీరానికి చేరిందే జూలై నెలాఖరున. అందుచేత ఆగస్టు తేదీయే సరి అని ఒప్పుకున్నారు. నాయకుడు ఎందుకు ఇచ్చాడన్నది కూడా కంపెనీ వారి కాగితాల్లో ఉన్నది. తన సీమలో వ్యాపారం పెరగాలి, పర్షియా నుంచి మంచి గుర్రాలు రావాలి, బంగాళం నుంచి వేట డేగలు, చిలుకలు తెప్పించుకోవాలి, పొరుగు శత్రువు వస్తే అండగా ఒక కోట ఉండాలి. నాణేలు కొట్టుకునే హక్కు, సుంకంలో సగం కంపెనీకి వదిలాడు. గుర్రాల కోసం, డేగల కోసం ఇచ్చిన ఆ ఇసుకతీరం మీద దేశాన్ని ఏలిన దొరతనానికి పునాది పడుతుందని ఆ వేళ ఎవరు అనుకున్నారు? 1640లో సెయింట్ జార్జి కోట పని మొదలైంది. దాని పక్కన పుట్టిన కొత్త ఊరికి నాయకుల తండ్రి పేరు మీద చెన్నపట్నం అని పేరు వచ్చింది.

1642లో పెదవెంకటరాయలు చనిపోయాక మూడవ శ్రీరంగరాయలు రాజయ్యాడు. కొత్త రాజు వస్తే పాత మంజూరుకు కొత్త ఉత్తర్వు తెచ్చుకోవాలన్నది ఏ కాలంలోనైనా ఉన్న ఆనవాయితీ. 1645లో హెన్రీ గ్రీన్‌హిల్ అనే కంపెనీ అధికారి రాజుగారి దగ్గరకు వెళ్ళి అలాంటి పత్రం తెచ్చుకున్నాడు. ఆ పత్రంలో ఊరి పేరు శ్రీరంగరాయపట్నం అని పెట్టారు. రాజుగారి పేరు ఊరికి నిలవలేదు, నాయకుల తండ్రి పేరే నిలిచింది. అప్పుడు రాజుగారు ఉన్నది వేలూరులో.

కాబట్టి కాగితాల ప్రకారం మాట ఇది. భూమి ఇచ్చినవాడు దామెర్ల నాయకుడు. ఆయన ఎవరి కింద ఇచ్చాడంటే చంద్రగిరి రాజు కింద. తర్వాత ధ్రువపరిచినది ఆ వంశపు రాజే. "ఈ గదిలోనే సంతకం" అన్నది ఊరి వాడుక. చంద్రగిరి రాజుల ఏలుబడిలో మద్రాసు పుట్టిందన్నది నిజమైన గౌరవం, అది చాలు.

2004 నుంచి చెన్నైలో ప్రతి ఏటా ఆగస్టు 22న మద్రాసు దినం జరుపుతున్నారు. నడకలు, ఉపన్యాసాలు, పాత ఫొటోల ప్రదర్శనలు ఉంటాయి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణాలు విడిచిందీ, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు లేకుండానే ఏర్పడిందీ మన పెద్దల గుండెల్లో ముద్రపడిన సంగతులు. ఆ నగరం మనకు దక్కలేదు. దాని పుట్టుక కాగితం మీద మాత్రం తెలుగు నాయకుల పేరు ఉన్నది. ఆగస్టు 22న చంద్రగిరి కోటలో కూడా బడిపిల్లలతో ఒక చిన్న సభ జరిపితే ఎంత బాగుంటుంది! మన సంఘం ఆ పనికి పూనుకోవచ్చునేమో సభ్యులు ఆలోచించవలసిందిగా మనవి. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు డే బయలుదేరిన దుగరాజపట్నం, రాజు పేరు నిలిచిన చంద్రగిరి రెండూ ఒకే జిల్లాలో చేరడం కూడా ఒక ముచ్చట.

కచేరీలు తరలిన క్రమం

1646లో గోలకొండ సేనలు చంద్రగిరిని పట్టుకున్నాయి. సుమారు నూరేళ్ళకు ఆర్కాటు నవాబుల చేతికి వచ్చింది. 1782లో హైదరాలీ తీసుకున్నాడు. 1792 శ్రీరంగపట్నం ఒడంబడిక వరకు మైసూరు కిందనే ఉన్నది. ఆ తర్వాత కంపెనీ దొరతనం, ఉత్తర ఆర్కాటు జిల్లా వచ్చాయి.

రాజధాని పోయినా తాలూకా కచేరీ మిగిలింది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో తిరుపతి పట్టణం చంద్రగిరి తాలూకాలో ఒక భాగం. ఈ మాట చెబితే ఈ కాలపు పిల్లలు నమ్మరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి తాలూకా అందులోకి వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చంద్రగిరి ఒక మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా అయింది. ఒకప్పుడు తన తాలూకాలోని ఊరే ఇప్పుడు తనకు జిల్లా కేంద్రం. మన దగ్గర జూనియర్‌గా చేరిన కుర్రవాడు పైఅధికారి అయి వస్తే లేచి నమస్కారం పెట్టడం మన ఉద్యోగాల్లో మామూలే గదా! చంద్రగిరి కూడా అలాగే మర్యాదగా నమస్కారం పెట్టి తన పని తాను చూసుకుంటున్నది.

కోటలో చూడవలసినవి

దిగువ కోట కేంద్ర పురావస్తు శాఖ వారి రక్షణలో ఉన్నది. పెద్దపెద్ద రాళ్ళు పేర్చి కట్టిన ప్రాకారం, కందకం జాడలు లోపలికి వెళ్ళేటప్పుడే కనిపిస్తాయి. ఒక నిమిషం ఆగి రాళ్ళ అమరిక చూడండి.

రాజమహల్: మూడు అంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నం మాత్రమే వాడి, కొయ్య లేకుండా కట్టారు. ఎన్నో యుద్ధాలు దాటి ఇంతకాలం నిలవడానికి అదీ ఒక కారణం. కొయ్య ఉన్న కట్టడాలు నిప్పుకు, చెదలకు పోయాయి. కింది నుంచి చూస్తే వరుసగా కమానులు, పైన గుడి శిఖరాల వంటి శిఖరాలు. కమాను తురక పద్ధతి, శిఖరం హిందూ పద్ధతి. రెండూ ఒక గోడ మీద కలిశాయి. సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వారి పనివాళ్ళ నేర్పును మన రాజులు మెచ్చి వాడుకున్నారు. హంపిలో కమలమహల్ చూసినవారికి పోలిక వెంటనే తెలుస్తుంది. లోపల దర్బారు హాలు ఉన్నది.

మ్యూజియం: రాజమహల్లోనే 1980ల చివరి నుంచి పురావస్తు ప్రదర్శనశాల నడుస్తున్నది. గుడిమల్లం, గండికోట, యాగంటి మొదలైన చోట్ల దొరికిన రాతి విగ్రహాలు, లోహ విగ్రహాలు, కత్తులు, నాణేలు ఉంచారు. కోట మొత్తం ఎలా ఉంటుందో చూపే నమూనా కూడా ఉన్నది. ముందు ఆ నమూనా దగ్గర నిలబడి ఏది ఎక్కడుందో చూసుకొని, తర్వాత బయట తిరిగితే సగం శ్రమ తగ్గుతుంది.

రాణీమహల్: రాజమహల్‌కు దగ్గరలో ఉన్న రెండంతస్తుల భవనం. పేరు రాణీమహల్ అయినా, కింది అంతస్తు గుర్రపుశాల వలె ఉండటం చూసి, ఇది కోట సేనాధిపతి నివాసం అయి ఉండవచ్చునని పురావస్తు శాఖ వారు భావిస్తున్నారు. పేరు ఒకటి, వాడకం ఒకటి. మన ఆఫీసుల్లో రికార్డు రూము అని బోర్డు ఉన్న గదిలో విరిగిన కుర్చీలు ఉన్నట్టే. దీని వెనుక ఒక మెట్లబావి ఉన్నది. మహళ్ళకు నీళ్ళు దాని నుంచే వచ్చేవంటారు. పిల్లలతో వెళ్ళినవారు అక్కడ జాగ్రత్తగా ఉండాలి.

గుళ్ళు: కోట లోపల శైవ, వైష్ణవ ఆలయాలు కలిపి ఎనిమిది దాకా ఉన్నాయి. చాలావాటిలో పూజ లేదు. దీపం లేకపోయినా స్తంభాల మీద శిల్పం ఉన్నది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం మన సంస్కారం. ఊళ్ళో కోదండరామస్వామి ఆలయంలో మాత్రం నిత్యపూజలు, ఉత్సవాలు జరుగుతున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు చూసుకుంటున్నారు.

పైకోట: కొండ మీద గోడలు, నీటి గుంటలు ఉన్నాయి. కాపలా వారు అనుమతించినా మన వయసు వారు ఎక్కవలసిన పని లేదు. సాయంత్రం ఎండ పడినప్పుడు కింది నుంచి చూస్తేనే కంటికి నిండుగా ఉంటుంది.

చుట్టుపక్కల

తిరుపతి నుంచి వచ్చే దారిలోనే శ్రీనివాస మంగాపురం ఉన్నది. ఇక్కడి కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయాన్ని 1540లో తాళ్ళపాక చినతిరుమలాచార్యులు బాగు చేయించారు. ఆయన అన్నమాచార్యుల మనుమడు. పద్మావతీ పరిణయం తర్వాత శ్రీనివాసుడు కొంతకాలం ఇక్కడ ఉన్నాడని స్థలపురాణం. అందుకే కొత్త దంపతులను తప్పక తీసుకువస్తారు. తిరుమలలో రద్దీకి తట్టుకోలేని పెద్దవారు ఇక్కడ స్వామిని తీరికగా, కళ్ళారా చూడవచ్చును.

ఆ పక్క నుంచే శ్రీవారి మెట్టు మొదలవుతుంది. సుమారు 2,400 మెట్లు. అలిపిరి దారి కంటే పొట్టిది, కాని నిటారు. చంద్రగిరి రాజులు కొండకు వెళ్ళిన దారి ఇదేనని చెబుతారు. 2021 నవంబరు వానలకు దెబ్బతిన్న ఈ దారిని బాగుచేసి 2022 మే నెలలో తిరిగి తెరిచారు. మోకాళ్ళు బాగున్న కొడుకులు, కోడళ్ళు నడిచి వెళ్ళవచ్చు. మనం బస్సులో వెళ్ళి పైన కలుసుకోవచ్చు.

రంగంపేట దగ్గర కల్యాణి డ్యాము ఉన్నది. 1977లో కట్టారు. తిరుపతి వారు తాగే నీళ్ళలో దీని భాగం ఉన్నది. రంగంపేటలో సంక్రాంతి పండుగ రోజుల్లో జరిగే పశువుల పండుగ చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. గోడ మీద నుంచో, మిద్దె మీద నుంచో చూడటమే క్షేమం. ఒక రోజు పూర్తిగా ఉన్నవారు భాకరాపేట మీదుగా తలకోన వెళ్ళవచ్చు. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం, దట్టమైన అడవి, సిద్ధేశ్వరస్వామి గుడి ఉన్నాయి. వానలు పడిన తర్వాత నెలల్లో వెళితేనే నీటి అందం.

కొన్ని సూచనలు

తిరుపతి బస్టాండు నుంచి చంద్రగిరికి బస్సులు తరచుగా ఉంటాయి. తిరుపతి–పాకాల–కాట్పాడి రైలు మార్గంలో చంద్రగిరి స్టేషను కూడా ఉన్నది. బస్సు దిగిన చోటు నుంచి కోటకు ఆటోలో వెళ్ళడం మంచిది. ప్రదర్శనశాలకు మామూలుగా శుక్రవారం సెలవు. ఆ రోజు వెళ్ళి తాళం చూసి రావద్దు. సాయంత్రం పూట కోట కథను వెలుగుతో, మాటలతో చెప్పే ప్రదర్శనను పర్యాటక శాఖ వారు ఏర్పాటు చేశారు. వెళ్ళే రోజున ఉన్నదో లేదో ముందుగా విచారించుకోవాలి.

రాజమహల్ మెట్లు ఎత్తుగా ఉంటాయి. చేతికర్ర, తోడు ఒక మనిషి ఉండాలి. బీపీ, షుగరు ఉన్నవారు మాత్రలు, మంచినీళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మార్చి దాటితే రాతి వేడికి తట్టుకోలేము. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఉదయం తొమ్మిదిన్నరకు కోట చేరి, పన్నెండుకు బయటపడి, మంగాపురం దర్శనం చేసుకొని ఇంటికి వస్తే ఒక పూట సరిపోతుంది. ఉడకబెట్టిన చెనక్కాయలు తింటే తొక్కలు సంచిలో వేసుకొని రండి.

చివరగా ఒక మాట. రాజమహల్ గోడల మీద కొందరు మేకుతో పేర్లు గీశారు. రాజులు, నాయకులు ఎంతోమంది ఆ భవనంలో తిరిగారు. వారెవరూ గోడ మీద పేరు చెక్కుకోలేదు. మన పిల్లలు అలాంటి పని చేయకుండా చూడటం మన బాధ్యత. పాత రికార్డును చెదలు తినకుండా కాపాడటం ఎలాంటిదో, ఈ గోడను కాపాడటం అలాంటిదే. ఒక్కసారి చెరిగితే నకలు దొరకదు.

పదవి పోయిన ఊరును గౌరవించడం మనవంటివారికి తెలియాలి. ఈసారి బంధువులు వచ్చినప్పుడు ఒక పూట చంద్రగిరికి కేటాయించండి. కోటలో ఏదైనా చెట్టు నీడన కూర్చొని, సాళువ నరసింహరాయలు ఎవరో, దామెర్ల నాయకులు ఎవరో, బట్టల మూటలో రాజును మోసిన ఆ మనిషి ఎవరో మనుమలకు చెప్పండి. మనం చెప్పకపోతే వారికి చెప్పేవారు లేరు.